ఇచ్చి పుచ్చుకున్న పట్టాలు

కొండమెట్ట విశ్వవిద్యాలయానికి ఉన్నట్టుండి ఫలితాల పిచ్చి పట్టుకుంది. పరీక్షా ఫలితాలు అనుకునేరు! వాటి జోలికి ఆ విశ్వవిద్యాలయం సాధారణంగా వెళ్ళదు. వెళ్ళినా, రాసినవాళ్ళు రాసిన సంగతి మరిచిపోయాక వెళుతుంది. ఇవి వేరే ఫలితాలు. ఢిల్లీ నుంచి తనిఖీ సంఘం ఒకటి దిగి, గెస్ట్‌హౌస్‌లో జీడిపప్పు ఉప్మా తిని, మూతి తుడుచుకుంటూ, "మీరు ఇన్ని కార్యక్రమాలు చేస్తున్నారు, సంతోషం. వాటివల్ల ఏం ఫలితం సాధించారు?" అని అడిగింది. ఉపకులపతి ఆచార్య ఫణిభూషణం గారు తన సర్వీసులో అలాంటి అసభ్యమైన ప్రశ్న విని ఎరుగరు. నీళ్ళు నమిలారు. ఆ నమిలిన నీళ్ళకు సంఘం 'సి' గ్రేడు రాసిచ్చి రైలెక్కేసింది.

మర్నాడే ఫలసాధన విభాగం వెలిసింది. దానికి డైరెక్టరుగా వృక్షశాస్త్రం డాక్టర్ ప్రభంజనం గారిని వేశారు. ఫలాల సంగతి వృక్షశాస్త్రం వాళ్ళకు కాక ఇంకెవరికి తెలుస్తుందని ఉపకులపతి గారి ఉద్దేశం. ప్రభంజనం గారు పేరుకు తగ్గట్టే వీచారు. ఇక ఏ కార్యక్రమం జరిగినా గుమ్మం దగ్గర ఒక బల్ల, బల్ల వెనక ఆయన, ఆయన చేతిలో ఫలితం. ఒక విశ్రాంత ఆచార్యుడు కాలం చేస్తే సంతాపసభ పెట్టి, బయటికొచ్చేవాళ్ళను నిలబెట్టి, కంట తడి పెట్టినవారు ఎందరు, గొంతు మాత్రమే బొంగురుపోయినవారు ఎందరు అని లెక్క తీశారు. చరిత్ర శాఖ హెడ్డు గారి కళ్ళు ఎడారిలా ఉన్నాయి. సంతాపం ఆయనకు అందలేదని తేల్చి, వారం తిరక్కుండా ఆయనొక్కడి కోసం అదే సంతాపసభ మళ్ళీ పెట్టారు. పోయినాయన మళ్ళీ పోలేరు కాబట్టి పాత ఫొటోతోనే సర్దుకున్నారు. ఈసారి హెడ్డు గారు ఏడ్చారు. ఆ ఏడుపు పోయినాయన కోసం కాదు. అయినా ఫలితం ఫలితమే కదా!

ఈ ఫలాల తోటలో చిక్కుకుపోయిన పిల్ల పొట్నూరు హైమవతి. ఎమ్మెస్సీ గణితంలో బంగారు పతకం ఆ పిల్లదే. పేరులో హిమం ఉంది గానీ, ఆ వేసవిలో ఆమె కడుపులో మాత్రం నిప్పులు. రైల్వేలో స్టేషన్ మాస్టర్ ఉద్యోగానికి ఎంపికైంది. సోమవారంనాడు విశాఖపట్నం వెళ్ళి అసలు పట్టా చూపించాలి. విశ్వవిద్యాలయం ఇచ్చిన తాత్కాలిక పత్రం గడువు ఎప్పుడో తీరిపోయింది. డిగ్రీ పట్టా లేనిదే రైలు పట్టాల దరిదాపులకు రానివ్వమని వాళ్ళు ముందే చెప్పేశారు.

పట్టా కోసం ఆమె పరీక్షల కార్యాలయం చుట్టూ తిరిగిన తిరుగుడుకు చెప్పులు అరిగాయి గానీ గుమస్తా గారి మనసు కరగలేదు.

"స్నాతకోత్సవం అవ్వాలమ్మా. అప్పుడే ఇస్తాం."

"ఎప్పుడవుద్ది సార్?"

"ముఖ్య అతిథి దొరికినప్పుడు."

"ఆయనెప్పుడు దొరుకుతారు?"

"అతిథి అంటేనే తిథి లేనివాడమ్మా. ఎమ్మెస్సీ చదివావు, ఆపాటి తెలీదా?"

అతిథి దొరక్కపోవడానికి కారణం ఫలసాధన విభాగమే. ఒకప్పుడు ఎవరో ఒక పెద్దాయన్ని పిలిచేవారు. ఆయన వచ్చి నాలుగు ముక్కలు చెప్పేవారు, వీళ్ళు శాలువా కప్పేవారు, ఆయన చెమట తుడుచుకుని వెళ్ళిపోయేవారు. ఇప్పుడలా కుదరదు. ఒక వృద్ధ శాస్త్రవేత్తకు ప్రభంజనం గారు ఫోన్ చేసి, "తమరి ఉపన్యాసం వల్ల సాధించబోయే ఫలితం ఏమిటో సెలవిస్తారా?" అని అడిగారు.

"పిల్లలు నాలుగు రోజులు ఆలోచిస్తే చాలండీ" అన్నాడాయన.

"ఆలోచన పైకి కనపడదు కదండీ. కొలవడం ఎలా?" అని ఫోన్ పెట్టేశారు.

అలా ఒకరి తరువాత ఒకరు కొలతకు అందక జారిపోగా, చివరికి కొలతకు సరిగ్గా సరిపోయిన మహానుభావుడు దొరికాడు. ఆయనే కోటీశ్వరం గారు. బోరుబావుల వ్యాపారం. ఉత్తర సర్కారు జిల్లాల్లో ఆయన బోరు కొట్టని ఊరు లేదు. నీళ్ళు పడ్డాక ఆ యంత్రాన్ని జనం మీదికి తిప్పి, ఊరూరా ప్రేరణ ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. ఎనిమిదో తరగతిలో చదువు మానేశాననేది ఆయన బిరుదు. 'చదువు వదిలెయ్, జీవితం మొదలెయ్' అనేది ఆయన నినాదం. సెల్‌ఫోన్లలో కుర్రకారు ఆయన్ని ఎగబడి చూస్తోంది.

పాలకమండలి సమావేశంలో ఒకాయన నసిగాడు. "పట్టాలు ఇచ్చే సభకు, పట్టాలు దండగ అనే ఆయన్ని పిలవడం..."

ప్రభంజనం గారు లేచారు. "అధ్యక్షా, ఆయన ఉపన్యాసం ఇచ్చిన ప్రతి కాలేజీలోనూ ఆ ఏడాది చదువు మానేసినవారి సంఖ్య నికరంగా పెరిగింది. ఇంత స్పష్టమైన, కొలవదగిన ఫలితాన్ని ఏ శాస్త్రవేత్త చూపించగలడు?"

మండలి చప్పట్లు కొట్టింది. ఉపకులపతి గారైతే కన్నీళ్ళు తుడుచుకున్నారు. అలవాటుగా దాన్ని కూడా ఎవరో లెక్కలో వేసుకున్నారు.

స్నాతకోత్సవం శనివారం అని ప్రకటన వచ్చింది. హైమవతి గెంతినంత పనిచేసింది. శనివారం పట్టా, సోమవారం ఉద్యోగం! తల్లి సన్యాసమ్మకు ఫోన్ చేసింది. "అమ్మా, శనివారం పట్టా ఇస్తారే!"

అవతల ఆమె గొంతు మారిపోయింది. "ఓలమ్మో! ఎన్ని సెంట్లే? మెట్టా, పల్లమా?"

"బూమి పట్టా కాదే. సదువు పట్టా."

"ఇస్సీ, అదా! అయినా వస్తాన్లే."

*

శుక్రవారం రిహార్సల్. పిల్లలందరినీ ఆడిటోరియంలో కూర్చోబెట్టి ప్రభంజనం గారు మైకు అందుకున్నారు.

"చిరంజీవులారా! రేపు మీకు జరగబోయేది సన్మానమని భ్రమపడకండి. అది పరివర్తన! పట్టా అనేది ఇన్‌పుట్. ఉపన్యాసం అనేది ప్రాసెస్. పట్టా వ్యామోహం నుంచి విముక్తి అనేది ఔట్‌కమ్. వేదిక మీద గౌరవ ఉపకులపతి వారి చేతుల మీదుగా పట్టా స్వీకరిస్తారు. తదుపరి ఉపన్యాసం శ్రద్ధగా ఆలకిస్తారు. తదుపరి బయటికి వెళ్ళే దారిలో, యథాప్రకారం గౌన్లు అప్పగించే కౌంటరు ఉంటుంది. దాని పక్కనే ఫలసాధన బల్ల ఉంటుంది. అక్కడ మూడు ప్రశ్నలు అడుగుతాం. ఉపన్యాసం అర్థమైందని రుజువు చేసుకున్నవారు, ఆ ఉత్తేజంలో, స్వచ్ఛందంగా, తమ పట్టాను అక్కడున్న ట్రేలో సమర్పించి విముక్తులవుతారు."

హైమవతి వెంటనే లేచి నిలబడింది. "సార్, పట్టా మాకిస్తారా, తీసుకుంటారా?"

"రెండూనమ్మా. ఇచ్చి పుచ్చుకోవడమే కదా సభ్యత!"

"ఇవ్వకపోతే సార్?"

"ఉపన్యాసం అర్థమైనవాళ్ళు ఇవ్వకుండా ఎలా ఉంటారమ్మా? కనక స్వచ్ఛందం అందరికీ తప్పనిసరి."

వెనక బెంచీ నుంచి ఆవలింతలాంటి గొంతు వినిపించింది. అది కూర్మారావు. హైమవతికి సహాధ్యాయి. క్లాసులో నిద్రపోవడంలో అతనికి బంగారు పతకం ఇవ్వాలని అధ్యాపకులే ఒప్పుకుంటారు. "అర్దం కాపోతే ఏటి సార్?"

"మంచి ప్రశ్న" అన్నారు ప్రభంజనం గారు. "అర్థంకానివాడు త్యాగానికి అనర్హుడు. అలాంటివాడి దగ్గర పట్టా తీసుకుంటే దొంగతనం కిందికి వస్తుందని న్యాయవిభాగం వారు చెప్పారు. వాడు పట్టాతో పాటు అవమానాన్ని కూడా ఇంటికి మోసుకుపోయి, తిరిగి పునఃశ్రవణ తరగతికి రావాలి. అర్థమయ్యేవరకూ రావాలి."

హాలంతా నవ్వింది, హైమవతి తప్ప. ఆమె అక్కడినుంచి తిన్నగా ఉపకులపతి గారి గదికి వెళ్ళింది.

ఫణిభూషణం గారి వెనక గోడ నిండా చట్రాల్లో పట్టాలే. డిగ్రీ, ఆపైది, ఆపైది, విదేశాలది ఒకటి, మధ్యలో యోగాసనాలకు వచ్చినదొకటి.

"సార్, సోమవారం ఉద్యోగానికి నా పట్టా చూపించాలి సార్. నా ఒక్కదానికీ..."

"అమ్మాయీ! విశ్వవిద్యాలయం వ్యక్తుల కోసం నడవదు."

"మరెవరి కోసం సార్?"

"సూత్రప్రాయంగా, ఉన్నత ప్రయోజనాల కోసం."

"పట్టా లేకపోతే ఉద్యోగం పోద్ది సార్."

"ఉద్యోగం పోవడం కూడా ఒక ఔట్‌కమే. తప్పకుండా నమోదు చేయిస్తాను."

హైమవతి కళ్ళు ఆయన తల మీదుగా గోడ మీదికి వెళ్ళాయి. ఆయన గ్రహించారు. "ఇవి పట్టాలు కావమ్మా. గోడకు తేమ. కనపడకుండా పెట్టాం."

బయట మెట్ల మీద కూర్మారావు సమోసా తింటున్నాడు. ఆమె మొహం చూసి సమోసా పక్కన పెట్టాడు. అతనికి అంతకు మించిన త్యాగం ఉండదు.

"ఏటే హైమా, అలా అయిపోనావు?"

"నాకు ఫెయిలవ్వడం నేర్పు."

"ఏటీ?"

"రేపు అర్థం కాలేదని తేలితేనే పట్టా ఇంటికి తెచ్చుకోగలను. నేనెప్పుడూ ఫెయిలవలేదు. ఎలా అవుతారో నాకు తెలీదు. నువ్వే నేర్పాలి."

కూర్మారావు మొహంలో ఎన్నడూ లేని గురుకళ వచ్చింది. చేతులు దులుపుకున్నాడు. "ఫెయిలవ్వడం తేలికనుకుంటన్నావేటి? నాకు ఏళ్ళు పట్టింది. సూడు, మొదటిది: ప్రశ్న ఇనేటప్పుడు మొకంలో ఏటీ ఉండకూడదు. నీకు కళ్ళు మెరుస్తాయి. ఆ మెరుపు తీసెయ్. రెండూ రెండూ కూడితే ఎంత?"

"నాలు..."

"అదే! అదే ఒద్దన్నాను! నోరు తెరవకముందే జవాబొచ్చేత్తంది నీకు. ఒకసారి పైకి సూడు. ఫాను సూడు. తలగోక్కో. అప్పుడు, 'ఏటి సార్?' అను."

"ఏమిటి సార్?"

"'ఏమిటి' కాదే తల్లీ, 'ఏటి'! 'ఏమిటి' అంటే సదువుకున్నదానివని తెలిసిపోద్ది."

సాయంత్రం దాకా తర్ఫీదు నడిచింది. శిష్యురాలు ప్రతి ప్రశ్నకూ ఒప్పే చెప్పింది. చివరికి గురువుగారు విసిగిపోయి, "నీకు సదువు బాగా ముదిరిపోనాది. ఇంక మందు లేదు" అని తేల్చేశాడు. తన గురించి మాత్రం ఆయనకు దిగుల్లేదు. "నాకేటి? ఉపన్యాసం మొదలవ్వగానే కునుకేత్తాను. నా పట్టా నా సంకలో ఉంటాది."

*

శనివారం బయట ఎండ డిగ్రీలతో, లోపల ఇచ్చే డిగ్రీలు పోటీ పడ్డాయి. గౌన్లు పెళ్ళి బ్యాండువాళ్ళకు కోట్లు అద్దెకిచ్చే కాంట్రాక్టరు తెచ్చాడు. అందుకని కొన్నిటికి భుజాల మీద జరీ కుచ్చులు అలాగే వేలాడుతున్నాయి. నల్లటి మందపాటి గుడ్డలో పిల్లలు ఉడికిన వంకాయల్లా కూర్చున్నారు. ముందు వరసలో ఢిల్లీ సంఘం సభ్యుడొకాయన మెడలో కార్డు వేలాడేసుకుని, కళ్ళు చికిలించి, ఎవరినీ నమ్మని మొహంతో ఆసీనుడయ్యాడు.

మొట్టమొదట ముఖ్య అతిథికి గౌరవ డాక్టరేటు. అది లేకపోతే వేదిక మీద ఆయన కుర్చీ ఎత్తు తగ్గుతుందని నియమం. ఎర్రటి గౌను తొడిగి, చేతికి తోలు చట్రంలో పట్టా ఇచ్చారు. కోటీశ్వరం గారు దాన్ని రెండు చేతులా అందుకుని, కళ్ళకద్దుకుని, ఒళ్ళో పెట్టుకున్నారు. ఆ తరువాత పిల్లలకు వరసగా పట్టాలు. హైమవతి పట్టా అందుకున్నప్పుడు ఆమె తల్లి వెనక వరసలో లేచి నిలబడి, "మా గుంటే! మా గుంటే!" అని పక్కవాళ్ళందరికీ కూతుర్ని చూపించింది.

తరువాత ఉపన్యాసం. నిన్నటి కోటీశ్వరం గారు, ఈ పూట డాక్టర్ కోటీశ్వరం గారు, మైకును బోరు గొట్టంలా పట్టుకుని దింపారు.

"తమ్ముళ్ళూ! చెల్లెమ్మలూ! ఎనిమిదో క్లాసులో నేను చదువు మానేశాను అంటారు జనం. తప్పు! చదువే నన్ను మానేసింది. మంచిపని చేసింది! నేను భూమిలోకి బోరు దింపాను. పైకొచ్చేముందు నీళ్ళు నన్ను సర్టిఫికెట్ అడిగాయా?"

"లేదూ!" అని హాలు అరిచింది. ఈలలు.

"ఈ కాగితం తింటే కడుపు నిండుద్దా?"

"లేదూ!"

"పోనీ పకోడీలు కట్టుకుందామా అంటే అందుకూ పనికిరాదు. మందం ఎక్కువ. నూనె పీల్చదు!"

హాలు ఊగిపోయింది. గౌన్ల కుచ్చులు ఎగిరాయి. పట్టాలతో విసురుకుంటున్నవాళ్ళు విసరడం ఆపి సెల్‌ఫోన్లు ఎత్తారు. హైమవతి మాత్రం వినకుండా ఉండటానికి మనసులో ప్రధాన సంఖ్యలు చెప్పుకుంటూ కూర్చుంది. ఏం లాభం? ఒక చెవిలో సంఖ్యలు, ఇంకో చెవిలో పకోడీలు. ఆ తల ఎలాంటిదంటే రెండూ గుర్తుపెట్టుకుంది.

పక్కకు చూసి ఆమె ఉలిక్కిపడింది. కూర్మారావు మేలుకుని ఉన్నాడు! కళ్ళు విప్పారి, నోరు తెరుచుకుని, పుట్టాక మొదటిసారి ఒక ఉపన్యాసం వింటున్నాడు.

"నిద్రపోరా!" అని గుసగుసలాడింది.

"ఉండవే! ఎంత బాగా సెప్తన్నాడో!"

*

గుమ్మం దగ్గర బారు తీరారు. ఒక పక్క కాంట్రాక్టరు గౌన్లు విప్పించి మూటలు కడుతున్నాడు. ఆ పక్కనే ఫలసాధన బల్ల. వృక్షశాస్త్ర శాఖ తోటలోంచి తెచ్చిన మామిడిపళ్ళ ట్రేలు ఖాళీగా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఫలసాధనకు అంతకన్నా తగిన పాత్రలు ఎక్కడ దొరుకుతాయి? పిల్లలు జవాబులు చెప్పి, ట్రేలో పట్టా పడేస్తూ సెల్ఫీ తీసుకుని వెళుతున్నారు. ఢిల్లీ సభ్యుడు పక్కనే నిలబడి తల పంకిస్తున్నాడు. ఉపకులపతి గారి మొహం 'ఏ' గ్రేడులా వెలిగిపోతోంది.

కూర్మారావు వంతు వచ్చింది.

"వక్త అభిప్రాయంలో పట్టా దేనికి పనికిరాదు?"

"పకోడీలు కట్టడానికి సార్!"

"ఎందుచేత?"

"మందం ఎక్కువ సార్! నూనె పీల్చదు సార్!"

"వక్త చదువును మానేశాడా, చదువు వక్తను మానేసిందా?"

"సదువే సార్, సదువే!"

"మూడుకు మూడు! శభాష్! ఉత్తీర్ణుడవయ్యావు!"

జన్మలో మొదటిసారి ఆ మాట విన్న కూర్మారావుకు ఒళ్ళు తెలియలేదు. "హైమా! నాను పాసయిపోనానే!" అని గంతేసి, పట్టాను ట్రేలోకి గిరవాటేశాడు. అది పళ్ళేనికి తగిలిన చప్పుడుకు గానీ తెలివి రాలేదు. చెయ్యి చాచాడు. అప్పటికి దానిమీద ఇంకా నాలుగు పడ్డాయి.

ఇప్పుడు హైమవతి. సంకలో పట్టా తడిసి ముద్దవుతోంది.

"వక్త అభిప్రాయంలో పట్టా దేనికి పనికిరాదు?"

ఆమె పైకి చూసింది. ఫాను లేదు, ఆకాశం ఉంది. తలగోక్కుంది. "ఏమిటి సార్?" అంది. ఇంట్లో అమ్మ దగ్గర దొర్లే 'ఏటి' ఇక్కడ రాలేదు.

"నటించకమ్మా. బంగారు పతకానివి! పకోడీలకా, బజ్జీలకా?"

"బజ్... పకోడీలకి సార్" అంది. నోటిని కొట్టుకుందామన్నంత కోపం వచ్చింది.

"ఎందుచేత?"

"మందం ఎక్కువ. నూనె పీల్చదు" అని పెదవులు వాటంతటవే చెప్పేశాయి. పైగా, "మూడో ప్రశ్నకు జవాబు: చదువే వక్తను మానేసింది" అని అడక్కముందే చెప్పేసింది. చిన్నప్పటినుంచీ అదే జబ్బు.

"మూడుకు మూడు!" అన్నారు ప్రభంజనం గారు. "ఇక సమర్పించు తల్లీ."

హైమవతి పట్టాను గుండెకు అదుముకుంది. తర్ఫీదు, తలగోక్కోవడం అన్నీ ఎగిరిపోయాయి. మిగిలింది ఒక్కటే. "ఇవ్వను సార్! ఎల్లుండి ఉద్యోగం. ఇది చూపిస్తేనే ఇస్తారు. దీనికోసం మా అమ్మ రెండు గేదెల్ని అమ్మేసింది. రేపు నేను స్టేషన్ మాస్టరయితే మళ్ళీ కొనిస్తానని చెప్పాను. ఇది నాకు కావాలి సార్! దీంతో ఉద్యోగం వస్తుంది సార్!"

ప్రభంజనం గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, జాలిగా చూశారు. ఢిల్లీ సభ్యుడు వివరం అడిగితే ఇంగ్లీషులో చెప్పారు. ఆయన పెదవి విరిచాడు.

"ఏమన్నావు? పట్టాతో ఉద్యోగం వస్తుందా?"

"వస్తుంది సార్. వచ్చింది కూడా."

"అయ్యో తల్లీ!" అని ప్రభంజనం గారు నుదురు కొట్టుకున్నారు. "అంత ఉపన్యాసం విని, జవాబులన్నీ చెప్పి, ఇంకా పట్టాతో ఉద్యోగం వస్తుందనే అనుకుంటున్నావా! కంఠతా పట్టావు గానీ బొత్తిగా అర్థం కాలేదు! రాసుకోండయ్యా, ఈ అమ్మాయికి అర్థం కాలేదు. పట్టా తీసుకుని వెళ్ళు. పునఃశ్రవణ తరగతికి రా. సిగ్గుపడాలి!"

హైమవతి సిగ్గుపడటానికి అక్కడ ఆగలేదు.

సరిగ్గా అప్పుడే వెనకనుంచి దండలతో, మందీమార్బలంతో ముఖ్య అతిథి దయచేశారు. ఎర్ర గౌను విప్పనిదే కాంట్రాక్టరు గుమ్మం దాటనివ్వలేదు. విప్పి ఇచ్చారు. చట్రం మాత్రం చంకలోనే ఉంది. ఢిల్లీ సభ్యుడు వేలితో చూపించి, "ఇది? ఈయన కూడా పట్టా పొందినవారే కదా? ఫలితం పూర్తికావద్దూ?" అని ఇంగ్లీషులో అడిగాడు.

ఉపకులపతి గారి మొహంలో గ్రేడు 'ఏ' నుంచి కిందికి జారడం మొదలుపెట్టింది. ప్రభంజనం గారు చేతులు నలుపుకుంటూ ముందుకొచ్చారు. "తమరు కూడా... లాంఛనంగా... ఆ ట్రేలో..."

"ఏం లాంఛనం? నా పట్టా నేనెందుకిస్తానయ్యా?" కోటీశ్వరం గారి గొంతు మైకు లేకుండానే మోగింది. "ఇంటి హాల్లో పొద్దున్నే మేకు కొట్టించి వచ్చాను. దానిమీదికి లైటు పెట్టించాను. డాక్టర్ అని కార్డులు కూడా కొట్టించాను!"

"అలాగైతే నియమం ప్రకారం... మూడు ప్రశ్నలు... వక్త అభిప్రాయంలో పట్టా దేనికి పనికిరాదు?"

"ఏ వక్త?"

"తమరే సార్."

కోటీశ్వరం గారు కాసేపు ఆలోచించి అడిగారు. "ఎవరి పట్టా? నాదా, వీళ్ళదా?"

ప్రభంజనం గారు ఢిల్లీ సభ్యుడి వైపు చూశారు, ఉపకులపతి గారి వైపు చూశారు. ఉపకులపతి గారు ఆకాశం వైపు చూశారు. నియమం నియమమే. "రాసుకోండయ్యా" అన్నారు ప్రభంజనం గారు నీరసంగా. "ముఖ్య అతిథి గారికి ముఖ్య అతిథి గారి ఉపన్యాసం అర్థం కాలేదు."

డాక్టర్ గారు చట్రాన్ని రెండు చేతులా పట్టుకుని కారెక్కారు. సన్యాసమ్మ గేటు దగ్గర ఆ కారును చూసి, "ఆ బాబుకి కూడా అర్దం కానట్టుంది. మంచిదే, పట్టా మిగిలింది" అని సంతోషించింది.

*

ట్రేలను గౌన్ల మూటల పక్కన పెట్టడమే పొరపాటు. వ్యాను నింపే హడావుడిలో కాంట్రాక్టరు మనుషులు గౌన్లూ, ట్రేలూ కలిపి ఎక్కించేశారు. గౌన్లు చెమట కంపు కొడుతున్నాయి కాబట్టి తిన్నగా లాండ్రీలో దింపారు. అక్కడ మూటలతో సహా పట్టాలూ సబ్బు నీళ్ళ తొట్టెలో పడ్డాయి. స్నాతకుడంటే చదువు ముగించి స్నానం చేసినవాడని అర్థం. ఈ స్నాతకోత్సవంలో పిల్లలకు పోసింది చెమట, స్నానం పట్టాలకు జరిగింది. నల్ల గౌన్ల రంగు దిగి పట్టాలన్నీ ఒక్క తీరున కారునలుపయ్యాయి. ఫస్టు క్లాసూ లేదు, థర్డు క్లాసూ లేదు. సమసమాజం వచ్చేసింది.

ఉత్తేజం దిగిన పిల్లలు పరీక్షల కార్యాలయం ముందు బారు తీరితే గుమస్తా గారు చల్లగా చెప్పారు. "నకలు పట్టాలా? తప్పకుండా ఇస్తాం. వచ్చే స్నాతకోత్సవంలో." ఆ బారులో ముందు నిలబడి నిద్రపోతున్నవాడు కూర్మారావు. బుద్ధి వచ్చి మళ్ళీ పాత అలవాటులో పడ్డాడు.

ఢిల్లీ సంఘం 'ఏ' గ్రేడు ఇచ్చింది. పట్టా మీద వ్యామోహమే కాదు, పట్టాలే లేకుండా చేసిన ఏకైక విశ్వవిద్యాలయమని నివేదికలో మెచ్చుకుంది. ఆ మెప్పుదల పత్రానికి చట్రం కట్టించి ఉపకులపతి గారు గోడకు తగిలించారు. తేమ ఇంకా పెరిగింది కాబోలు.

సోమవారంనాడు విశాఖపట్నంలో హైమవతి పట్టా చూపించింది. ఉద్యోగంలో చేరింది. కొండల మధ్య చిన్న స్టేషన్ ఇచ్చారు. మొదటి జీతాలు కూడబెట్టి ఒక గేదెను కొనేసింది, రెండోది బేరంలో ఉంది.

పునఃశ్రవణ తరగతికి కోటీశ్వరం గారు మాత్రం వస్తున్నారు. నియమం ప్రకారం ఆయన ఉపన్యాసం రికార్డు పెట్టి ఆయనకే వినిపిస్తారు. పకోడీల దాకా రాకముందే ఆయన గురక పెడతారు. మళ్ళీ అర్థం కాలేదని రాస్తారు. మళ్ళీ పట్టాతో ఇంటికి వెళతారు. అలా ఆయన డాక్టరేటుకు ప్రతి నెలా ఒక నెల ఆయుష్షు పెరుగుతోంది.

హైమవతికి మాత్రం ప్రభంజనం గారు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. మొన్న కూడా చేశారు. పచ్చజెండా చంకలో పెట్టుకుని, ప్లాట్‌ఫారం మీద నిలబడి, గూడ్సు బండి కోసం చూస్తోందామె.

"అమ్మాయీ, ఫలసాధన విభాగం నుంచి. నీ ఒక్కదాని ఫలితం మిగిలిపోయింది. కోటీశ్వరం గారు సరే, పెద్దవారు. నీకేమిటమ్మా? ఇప్పటికైనా అర్థమైందా?"

మలుపులో ఇంజను కూత వేసింది. హైమవతి పైకి చూసింది. తలగోక్కుంది. గురువుగారు ఉంటే పొంగిపోయేవాడు.

"ఏటి సార్?" అని, ఫోను జేబులో పడేసి, జెండా ఊపింది.